ఏడాదికో వరుస గోడ: పాలమూరు, నల్లగొండ వాడల ఇల్లు గురించి

అంటరాని కులాలు ఏమేం చేయగూడదని ఊరు నిర్ణయించిందో అంబేద్కర్ ఒక చోట వరుసగా రాసిపెట్టిండు. ఆయన బతికున్న రోజుల్లో అచ్చుకాని ఆ రాత, 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఆయన రచనల 5వ సంపుటంలో బయటికొచ్చింది. భూమి, పశువులు సంపాయించుకోవటం నేరం. దాని వెంటనే, పెంకుల కప్పు ఉన్న ఇల్లు కట్టుకోవటం నేరం. ఆ తర్వాతనే శుభ్రమైన బట్ట, చెప్పులు, బంగారం, పిల్లలకు గొప్ప పేర్లు పెట్టుకోవటం, గుర్రమెక్కటం వస్తయి. సభల్లో, కరపత్రాల్లో మనం ఈ జాబితాను చాలాసార్లు వాడుకున్నం. వాడుకున్నప్పుడల్లా చెప్పుల దగ్గర, గుర్రం దగ్గర నిలబడ్డం. భూమి, పశువు, ఇంటికప్పు పక్కపక్కన ఎందుకున్నయనే ప్రశ్న మన విమర్శకు పెద్దగా ఎక్కలేదు.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 తర్వాత ముక్కలైనయి గాని, మనుషులు ఇంకా పాలమూరు, నల్లగొండ అనే అంటరు. మేమూ అట్లనే అంటం. ఈ రెండు జిల్లాల మాల, మాదిగ వాడల్లో ఎకరమో రెండెకరాలో ఉన్న ఇంటికి పోయి చూస్తే ఆ మూడింటి సంబంధం తెలుస్తది. మా వాదం ఇది: ఈ ఇంటి గురించి రాసినవాళ్లు, అంటే నవలలు, పాటలు, వ్యవసాయ పత్రికలు, అందరికంటే ఎక్కువ రాసిన సర్కారు, ఇంటిని సేను నుంచి కోసి వేరుగా చూసిండ్రు. ఆ కోతలో దళిత రైతు మాయమైండు. ఇంటి దిక్కు నుంచి చూస్తే అతను ‘లబ్ధిదారుడు’, సేను దిక్కు నుంచి చూస్తే ‘కూలి’. రెండింటి నడుమ బతుకుతున్న మనిషి, ముఖ్యంగ ఆడమనిషి, ఏ రాతలోనూ నిండుగ కనపడదు.

మనల్ని మనం కూడ ఇందులో నుంచి తప్పించుకోలేం. దళిత సాహిత్యం బావి గురించి, గుడి గురించి, హోటల్ల గ్లాసు గురించి రాసింది. 1985ల కారంచేడు, 1991ల చుండూరు తర్వాత దాడి గురించి రాయక తప్పని కాలం అది. వాడ మీద దాడి జరిగిన రోజు మన సాహిత్యంలో ఉంది. దాడి జరగని రోజు వాడ ఏం చేస్తుందన్నది అంతగా లేదు. ఆ రోజు వాడ గోడకు మట్టి మెత్తుతుంది, కొట్టానికి గడ్డి కప్పుతుంది, కారే రేకు మీద బండ పెడుతుంది, బండకింద పెట్టిన పాసుబుక్కు తడిసిందా అని తీసి చూసుకుంటుంది.

ముందు ఇల్లు ఎట్ల లేస్తదో చెప్పాలె. చదువుకున్నోళ్లకు ఇది తెలిసినట్టే అనిపిస్తది గాని తెల్వదు. ఎర్రమట్టి తవ్వి, గడ్డి ముక్కలు కలిపి, నీళ్లు పోసి నానబెట్టి, తెల్లారి కాళ్లతోని తొక్కుతరు. ముద్దలు చేసి అందిస్తుంటే గోడ మీదున్న మనిషి మూరెడు ఎత్తు వరుస పెడతడు. ఆ వరుస ఆరాలె. తడి మీద తడి పెడితే జారి కూలుతది. ఆరినాక ఇంకో వరుస. పైన దూలాలు, వాసాలు. నల్లగొండ దిక్కు తాటికమ్మ, కొంచెం ఉన్నోళ్లకు గూనపెంక. గద్వాల, కొల్లాపురం దిక్కు చౌడు పోసిన మట్టిమిద్దె. ఉన్నోడింట్ల ఒక వరుస ఆరి ఇంకో వరుస లేసుడు రోజుల పని. వాడల ఏండ్లకేండ్లు. ఒక వరుసకు ఇంకో వరుసకు నడుమ ఒక పంట పోతది, ఒక పెండ్లి అయితది, ఒక బోరు ఎండిపోతది. అందుకే ఇంటామెను అడిగితే గోడను చూపి లెక్క చెప్తది: ఇది ఆముదాలు మంచిగ పండిన ఏడు, ఇది పెద్దోడు పూనా పోయిన ఏడు, ఇది గుంపుమేస్త్రీ పైసలు ఎగబెట్టిన ఏడు, అందుకే ఈ పక్క కురచ.

బాగుచేసుకునే వరుస కూడ ఇంజినీరు అనుకునే వరుస కాదు. ఇంజినీరుకు ముందు పునాది, తర్వాత గోడ, తర్వాత కప్పు, చివర తలుపు. వాడల ముందు మారేది తలుపు. తడక పోయి చెక్క తలుపు వస్తది, ఎందుకంటే వలస పోతే గొళ్లెం పెట్టి తాళమెయ్యాలె. తర్వాత కింద షాబాద్ బండలు పరుస్తరు. అవి అందం కోసం అని పట్నపు చుట్టం అనుకుంటడు. నిజానికి మట్టినేల వారానికోసారన్న పెండతోని అలకాలె, బండ పరిస్తే తుడిస్తే చాలు. పొద్దున నాట్లకో కలుపుకో పోయే ఆడమనిషికి ఒక పూట మిగులుతది. ఎలుక తవ్వదు, గింజలు ఆరబోసుకోవచ్చు. ఆ తర్వాత కప్పు: కమ్మ తీసి సిమెంటు రేకు. ఎండకాలం రేకుకింద మనిషి ఉండలేడని తెలిసీ వేస్తరు. గోడ మారేది అన్నిటికంటే చివర. పాత మట్టిగోడ మీద కొత్త రేకు కూసున్న ఇంటిని ‘సగం పక్కా’ అని సర్వే ఫారంల రాస్తరు. ఆ ఇంటిది సగం ఏం కాదు. దానికి తనదైన లెక్క ఉంది, ఆ లెక్క పంట మీద, పనిచేసే చేతుల మీద నడుస్తది.

ఆ ఇంట్ల ఏమేముంటయో చూడాలె. వాకిట్ల ఆముదపు కాయ ఎండుతది. ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో ఆముదాలంటే ఈ రెండు జిల్లాలే. ఇప్పుడు ఎక్కువ చోట్ల పత్తి. పత్తి వచ్చినాక ఇంట్ల మనిషి పండుకునే జాగ పోయింది. ఆడ్తిదారు ధర పెంచేదాక పత్తి ఇంట్లనే ఉంటది, దాని మీదనే పిల్లలు నిద్రపోతరు, దురదకు రాత్రంతా గీరుకుంటరు. మూలకు గుమ్మిల జొన్నలు. పైన ఉట్టిల విత్తనానికి ఉంచిన కందులు, పొగ తగిలితే పురుగు పట్టదని పొయ్యి మీదికి వచ్చేటట్టు కడతరు. గోడకు గొర్రు, నాగలి, దంతె, ఎడ్లు లేనోళ్లింట్ల పార, గడ్డపార. దర్వాజ పక్కన కుడితి గోలెం. ఇంటెనక కొట్టం, కోళ్లగూడు, గడ్డివాము. మాదిగ ఇంట్ల అయితే తోలు నానబెట్టే కుండ, డప్పు ఒకప్పుడు ఉండె. తోలుపని పోయినాక ఆ మూల బర్రెదూడకు ఇచ్చిండ్రు. ఇంటి లోపలా బయటా ఉన్న ప్రతి జాగ సేను పనికి ఏదో ఒక నెలల కావాలె. మనిషి పండుకునుడు ఆ ఇంటి పనుల్లో ఒకటి మాత్రమే.

అంబేద్కర్ దాదర్‌లో రాజగృహ కట్టుకున్నప్పుడు తన పుస్తకాలకు జాగ కావాలని ముందు పెట్టుకుని కట్టించిండు. ఆయన పని చదువు, రాత. తన పనికి సరిపోయే ఇల్లు ఆయన కట్టుకున్నడు. సేద్యం చేసే దళితుడు తన పనికి సరిపోయే ఇల్లు అడిగితే మాత్రం ‘పశువులతో పాటు ఉంటరా, శుభ్రత తెల్వదా’ అంటరు. అట్ల అనేవాళ్లల్ల మన ఉద్యోగస్తులు కూడ ఉన్నరు.

సాహిత్యం దగ్గరికొస్తే, తెలంగాణ నవలలో గడీకి రూపముంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) చదివినోళ్లకు దొర గడీ లోపలి బతుకు కండ్ల ముందట నిలుస్తది. ఆ తరం రచయితలు దోపిడీని చూపెట్టాలనుకున్నరు, చూపెట్టిండ్రు. కాని ఆ కాలపు కథానికల్లో, నవలల్లో వాడ ఇల్లు సాధారణంగా ఒక్క మాటతోని ముగుస్తది: గుడిసె. ఆ గుడిసెకు ఎన్ని అర్రలో, తలుపు ఏ దిక్కుకో, నీళ్లు ఎక్కడుంటయో తెల్వదు. అది కాలిపోవటానికి, అందులోకి దొర మనుషులు దూరటానికి మాత్రమే కథలోకి వస్తది. గుడిసెను కట్టిన చేయి, గుడిసెను బాగుచేసుకునే ఆలోచన కథకు అక్కర రాలేదు. బాధితుని ఇల్లు గదా, దానికి నిర్మాణమెందుకు అన్నట్టు.

ఇంకో దిక్కు పల్లె మీద బెంగ. పాలమూరు బిడ్డ గోరటి వెంకన్న పల్లె కన్నీళ్ల మీద రాసిన పాట 2002లో ‘కుబుసం’ సినిమాతోని ఊరూరా తిరిగింది. ప్రపంచీకరణ చేతివృత్తులను ఏం చేసిందో ఆ పాట చెప్పినంత బలంగా మా అసొంటోళ్ల వ్యాసాలు చెప్పలేదు. మా తగాదా పాటతోని కాదు, దాన్ని విన్న తీరుతోని. పట్నంల స్థిరపడ్డ మధ్యతరగతి దాన్ని పోయిన మట్టిల్లు పాటగ విన్నది. మట్టి అరుగు, మట్టి గోడ, చల్లదనం, పెండ అలికిన వాకిలి వాసన. ఆ వాసన కోసం ఎవరి నడుము వంగిందో అడగలేదు. ఈ మధ్య మట్టి ఇండ్లే పర్యావరణానికి మేలని చెప్పే వాస్తుశిల్పులు వచ్చిండ్రు. వాళ్లు చెప్పే సాంకేతికం నిజమే. మట్టిగోడ వేడి ఆపుతది, సిమెంటు రేకు ఆపదు. ఆ సంగతి రేకుకింద పండుకునే మనిషికి వేరే చెప్పనక్కర లేదు. మరి ఎందుకు మట్టిని ఇడిచిపెడుతున్నరు?

దీనికి మేము చూసిన జవాబు వలసల ఉంది. మట్టి ఇల్లు అగ్గువ అని అందరూ అంటరు. అది పైసల్లో అగ్గువ, మనుషుల్లో చానా పిరం. ప్రతి ఎండకాలం గోడ పగుళ్లకు మట్టి మెత్తాలె. తొలకరికి ముందు కమ్మ మార్చాలె, మిద్దె మీద చౌడు పొయ్యాలె, లేకపోతే మొదటి పెద్దవానకే లోపల కుండలు పెట్టాల్సొస్తది. చెదలు ఎక్కకుంట చూసుకోవాలె. అంటే ఎండకాలం ఇంట్ల మనుషులుండాలె. పాలమూరుల ఎండకాలం ఇంట్ల ఎవరున్నరు? పంట ఇంటికొచ్చీ రాంగనే గుంపుమేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకపోతడు. నాగార్జునసాగర్‌కు 1955ల పునాదిరాయి పడ్డప్పటి నుంచి దేశంల ఎన్ని ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు, తర్వాత హైదరాబాదుల ఎన్ని అంతస్తులకు ‘పాలమూరు లేబర్’ మట్టి మోసిండ్రో లెక్క లేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979ల వచ్చింది. గుంపుమేస్త్రీ దగ్గర కూలిపుస్తకం చూసినోళ్లు మాత్రం మాకు దొరకలేదు. మొగోడు, ఆడమనిషి, చేతికందిన పిల్లలు పోతే ఇంటికాడ ముసలవ్వ, బర్రె, చిన్నపిల్లలు మిగులుతరు. ముసలవ్వ గోడ మెత్తుతదా, కమ్మ కప్పుతదా?

కాబట్టి రేకు వేసుకున్న మాదిగ ఇంటిని చూసి ‘సంప్రదాయ జ్ఞానం పోయింది’ అనేటోళ్లకు, ‘దొరల ఇండ్లను చూసి నేర్చుకున్నరు’ అనేటోళ్లకు మేము చెప్పేది ఒకటే. వాళ్లకు మనుషులు లేకున్నా ఆరు నెలలు నిలబడే ఇల్లు కావాలె. మట్టి తెలిసిన మనుషులు, ఊరందరికి మట్టి తొక్కిచ్చిన మనుషులు, మట్టిని ఇడిచిపెట్టిన కారణం ఇది. పట్నంల పదో అంతస్తుకు సెంట్రింగు కట్టేటోని ఇల్లు ఊర్లె కారుతది. అతనికి పని తెల్వక కాదు. తన ఇంటికి పెట్టాల్సిన రోజులను ముందే అడ్వాన్సు కింద అమ్ముకున్నడు.

వేముల ఎల్లయ్య ‘కక్క’ నవల (2000) నల్లగొండ మాదిగవాడ మాటను నవల మొత్తానికి వచనం చేసింది. వస్తువుల పేర్లు మార్చి ‘మర్యాద’గ రాసే అలవాటు ఆ తర్వాత కొంచెం సిగ్గుపడ్డది. మాదిగ, మాదిగ ఉపకులాల ఆడోళ్ల కథలతో జూపాక సుభద్ర, గోగు శ్యామల తెచ్చిన ‘నల్లరేగటిసాల్లు’ (2006), అంతకుముందు శ్యామల తెచ్చిన ‘నల్లపొద్దు’ ఇంకో తలుపు తెరిచినయి. ఇంటిపని అని తీసిపారేసేదాన్ని పని అని పేరుపెట్టి చూసే చూపు అక్కడ నుంచే మాకు వచ్చింది. మన మొగ విమర్శకులు ఆ కథలను ‘కడుపుకోత’, ‘వేదన’ అనే రెండు మాటల్లో కట్టేసి పక్కన పెట్టిండ్రు. వాటిల్ల సేద్యముంది, లెక్కలున్నయి, వస్తువుల మీద పట్టు ఉంది. ఆ దిక్కు నుంచి వాటిని చదవాల్సిన అవసరం ఇంకా మిగిలే ఉంది.

వ్యవసాయ పత్రికల సంగతి రెండు మాటల్లో చెప్తం. 1969 నుంచి ‘అన్నదాత’ వస్తుంది, రేడియోల రైతుల కార్యక్రమాలు వచ్చినయి. పెరటితోట, పాడి, కోళ్లు, గోబర్ గ్యాసు. పనికొచ్చే విషయాలే. కాని ఆ పేజీల్ల రైతుకు పెరడు ముందే ఉంటది. చుట్టూ గోడ ఉంటది, బోరుల నీళ్లుంటయి, చేతికింద ఒక జీతగాడు ఉంటడు. ఆ జీతగాని ఇంటెనక ఎంత జాగ ఉందో ఆ పత్రికలకు తెల్వదు.

ఇప్పుడు సర్కారు రాత. మా దృష్టిలో ఈ ఇంటి మీద అన్నిటికంటే పెద్ద రచయిత సర్కారే, దాన్ని కూడ ఒక రచన మీద చేసినట్టే విమర్శ చెయ్యాలె. 1985–86ల ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పుడు అది ఎస్సీ, ఎస్టీల కోసం, వెట్టి నుంచి విడుదలైనోళ్ల కోసం. 1993–94 నుంచి ఇతర పేదలకు కూడ ఇచ్చిండ్రు. దాని మార్గదర్శకాలల్ల రెండు మంచి మాటలున్నయి: కట్టేది ఇంటోళ్లే గాని కాంట్రాక్టరు కాదు, నమూనా ఇదే అని రుద్దగూడదు. ఇల్లు ఆడమనిషి పేరునో, ఆలుమగల ఇద్దరి పేరునో ఉండాలన్నది మూడో మాట. పునాది వైశాల్యం కనీసం 20 చదరపు మీటర్లు, పొగరాని పొయ్యి, మరుగుదొడ్డి. ఆచరణల మాత్రం వాడ వాడకూ ఒకే అర్ర, ఒకే కిటికీ, ఒకే కప్పు దిగినయి. ఎస్సీ కాలనీలకు దొరికిన జాగ ఊరి పల్లంల, చెరువు శిఖంల, బండనేలల. ఊర్లె పాతవాడ దగ్గర ఉన్న కొట్టం, గడ్డివాము, పెంటకుప్ప కాలనీకి రాలేదు. అందుకే మనుషులు చేసింది ఏంటంటే, కాలనీ ఇంట్ల పత్తి, ఎరువు బస్తాలు పెట్టి, పాతింట్ల పండుకున్నరు. అధికారులు దీన్ని ‘వినియోగించుకోలేదు’ అని రాసిండ్రు. గోదాము లేని రైతు గోదాము చేసుకున్నడని రాయలేదు.

తెలంగాణ వచ్చినాక రెండు పడకగదుల ఇల్లు వచ్చింది. 560 చదరపు అడుగులు, ఊర్లల్ల ఒక్కో ఇంటికి 5 లక్షల 4 వేల రూపాయలు. ఒక్క అర్ర నుంచి రెండు పడకగదులకు పోవటం ఆత్మగౌరవం మాటే, మేము దాన్ని కాదనం. ఒకే అర్రల కొత్తకోడలు, అత్తమామలు, ఎదిగిన పిల్లలు పండుకునుడు ఎట్లుంటదో ఆ అర్రల పుట్టి పెరిగినోళ్లకు తెలుసు. కాని ఇందిరా ఆవాస్‌ల ఉన్న మొదటి మంచి మాట ఇక్కడ పోయింది. టెండరు, కాంట్రాక్టరు. ఊరూరికి సుతారులు, మేస్త్రీలు, కూలీలు ఉన్న జిల్లాల, దేశానికి ఇండ్లు కట్టిచ్చిన మనుషులకు, వాళ్ల ఇల్లు ఇంకొకడు కట్టిస్తడన్నరు. ఆ ధరకు గిట్టుబాటు కాదని కాంట్రాక్టర్లు చాలా చోట్ల ముందుకే రాలేదు.

2014 ఆగస్టు 15న గోల్కొండ మీద నుంచి భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలన్నరు. అది కొన్ని వేల కుటుంబాలకు చేరి ఆగిపోయింది. 2018ల రైతుబంధు వచ్చింది, అది పట్టాదారుకు, కౌలుదారుకు కాదు. ఎకరం సొంతం, మూడెకరాలు కౌలు ఉన్న మాల రైతుకు ఎకరానికే. 2024 మార్చిల భద్రాచలంల ఇందిరమ్మ ఇండ్లు మళ్లీ మొదలైనయి: కనీసం 400 చదరపు అడుగులు, 5 లక్షలు, విడతల వారీగ, కట్టేది మళ్లీ ఇంటోళ్లే. అది మంచి మార్పు. అయితే మొదటి విడత సొంత జాగ ఉన్నోళ్లకు. వాడల సొంత జాగ అంటే ఏంది? తాత వేసుకున్న గుడిసె జాగల ముగ్గురు అన్నదమ్ములు మూడు పొయ్యిలు పెట్టుకున్నరు. కాయితం ఎవరి పేరునా లేదు. ఒక్కనికి మంజూరైతే తక్కిన ఇద్దరు ఆ జాగ ఇడవాలె. అన్నదమ్ముల తగాదా అని ఊరు నవ్వుతది. అసలు తగాదా నాలుగు గుంటల జాగ ఇయ్యని సర్కారుతోని.

విడతల పద్ధతి గురించి కూడ ఒక మాట. పునాది అయితేనే మొదటి బిల్లు. అంటే పునాదికి ముందే లక్ష రూపాయల దాక చేతిల ఉండాలె. ఉండది. అప్పు తేవాలె, నూటికి మూడో నాలుగో మిత్తి. లేకపోతే ఎడ్లు అమ్మాలె. ఏడాదికో వరుస పెట్టుకునే ఇంటికి, గడువులోపల కప్పు పడాలని చెప్పటమంటే పంటను పక్కకు పెట్టుమని చెప్పటమే. రెండు దినాల కింద దాక అప్పులేని చిన్నరైతు పక్కా ఇంటితో పాటు అప్పుల పట్టికల ఎక్కుతడు. ఇల్లు ఒక ఆఫీసు, భూమి ఒక ఆఫీసు, పశువులు ఎస్సీ కార్పొరేషన్, నీళ్లు ఇంకో ఆఫీసు. ఆ ఆఫీసులకు ఒకటి కట్టుకోవటానికి ఇంకోటి అమ్ముకుంటున్నరన్నది కనపడది. ఊరు ఒకప్పుడు ఒకే జాబితాల నిషేధించినవాటిని సర్కారు నాలుగు ఫైళ్లల్ల పంచింది. ఏ ఫైలు తప్పూ కాదు, మనిషి మాత్రం కట్టిన ఇంట్ల ఎడ్లు లేకుంట కూసుంటడు.

నల్లగొండకు వస్తే ఇంటి సంగతి నీళ్లతోని, ఎముకతోని ముడిపడ్డది. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ దిక్కు భూగర్భజలంల ఫ్లోరైడు గురించి 1940ల నుంచి చెప్తున్నరు. తాగేనీళ్లల్ల లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటగూడదంటే, అంతకు ఎన్నో రెట్లు తాగిన తరాలున్నయి ఇక్కడ. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌ల నీరీ సంస్థ 1970లల్ల తయారుచేసి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. మన జిల్లా పేరు ఆఫ్రికా దాక పోయింది. ఇంట్ల దాన్ని ఎవరు చెయ్యాలె? ఇంటామె. పొద్దున బకెట్ నీళ్లు తేవాలె, కలపాలె, పది నిమిషాలు కలియబెట్టాలె, గంటకు పైగ తేరనివ్వాలె, పై నీళ్లు వంచుకోవాలె, రోజూ. ఎనిమిదింటికి కూలికి పోవాల్సిన మనిషికి ఈ విజ్ఞానం ఒక అదనపు వెట్టి అయింది. తెల్లకుసుమలెత్తిన పండ్లు, వంగని మోకాలు ఉన్న మనిషే ఆ బకెట్ ఎత్తాల్సొచ్చె.

2016ల మిషన్ భగీరథ వచ్చింది, కృష్ణానీళ్లు చాలా వాడలకు చేరినయి. ఫ్లోరైడు పీడిత ఆవాసాలు తెలంగాణల ఇంక లేవని 2020ల కేంద్రం పార్లమెంటుల చెప్పింది. నీళ్ల విషయంల అది పెద్ద గెలుపు, ఏండ్ల తరబడి పోరాడినోళ్ల గెలుపు. కాని వంగిపోయిన ఎముక నీళ్లు మారితే సాపు కాదు. నడుము వంగనోళ్లకు, మోకాళ్లు మడత పడనోళ్లకు కింద కూసొని వండే పొయ్యి ఒక శిక్ష. కింద కూసునే మరుగుదొడ్డి ఇంకో శిక్ష. 2014 తర్వాత స్వచ్ఛభారత్ కింద 12 వేల రూపాయలతో కట్టిచ్చిన దొడ్ల నమూనా ఫ్లోరోసిస్ జిల్లాకూ, ఫ్లోరోసిస్ లేని జిల్లాకూ ఒక్కటే. ఆ వాడల్లో మేము చూసిన అసలైన ఇంటి మరమ్మతు ఏ పథకంలోనూ లేదు: మంచం పక్కన గోడకు దిగ్గొట్టిన కట్టెపిడి, పట్టుకుని లేవటానికి. కడపను చెక్కేసి నేలకు సమం చేసుడు, కాలు ఎత్తే పని లేకుంట. నడుము ఎత్తుకు లేపిన మట్టిగద్దె మీద పొయ్యి. కుర్చీ నడుమ రంధ్రం చేసి దొడ్డి మీద పెట్టుకునుడు. ఈ నాలుగు మార్పులు కలిపితే ఒక మంచి ఇంటి నమూనా అయితది. గీసినోళ్లు చదువురాని మనుషులు, అందుకే దానికి నమూనా అన్న పేరు రాలేదు.

ఇక్కడ ఒక మాట మనోళ్ల గురించి. ఈమధ్య వాడలల్ల వాస్తు చొచ్చింది. కొలువు దొరికిన కొడుకు ఇంటికొచ్చి, మంచిగున్న దర్వాజను పీకేసి తూర్పుకు పెట్టిస్తడు, దక్షిణం మొకం అచ్చిరాదని. అంబేద్కర్ అదే రాతల్ల వాడ దక్షిణాన ఎందుకుండాల్నో చెప్పిండు: నాలుగు దిక్కుల్ల అది అశుభమని. వాడ మొత్తాన్ని అశుభమన్న దిక్కుకు తోసిన శాస్త్రానికి, ఆ వాడల ఇంటి తలుపు ఎటుండాలె అని పైసలిచ్చి అడుగుతున్నం. ఆ పైసలతోని ఇంటెనక కొట్టానికి రేకులొస్తుండె.

వాసాలమర్రి సంగతి చెప్పకుంట ఈ చర్చ తెగదు. పాత నల్లగొండల, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాల తుర్కపల్లి మండలం ఊరు అది. 2021 జూన్‌ల అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తను దత్తత తీసుకున్న ఆ ఊరందరితో కలిసి అన్నం తిన్నడు. ఆగస్టుల దళితవాడల ఇల్లిల్లూ తిరిగిండు. కూలడానికి సిద్ధంగున్న మట్టిఇండ్లను చూసిండు. అక్కడి 76 దళిత కుటుంబాలకు దళితబంధు కింద తలా 10 లక్షలు ప్రకటించిండు. ఊరును కొత్తగ కట్టిస్తమన్నడు. ఒక దళిత కుటుంబం చేతికి ఏకంగ 10 లక్షలు, బ్యాంకు పూచీ లేకుంట రావటం ఈ నేల మీద ఎన్నడూ జరగని సంగతి, దాన్ని చిన్నగ చూసేటోళ్లతో మేము లేము. కాని ఆ 10 లక్షలు ‘యూనిట్’కు. యూనిట్ అంటే వాహనం, దుకాణం, పాడి పశువులు. ఇంటికి వాడగూడదు, ఇల్లు వేరే పథకం. 2023 డిసెంబరుల సర్కారు మారేనాటికి ఊరు కొత్తగ లేవలేదు. కొత్త ఇల్లు వస్తుందన్న మాట గాలిల ఉన్నన్ని దినాలు పాత గోడకు మట్టి మెత్తటానికి ఎవరికి చేయి వస్తది? వాడల ఇండ్ల మీద ఇచ్చిన మాటలకు ఇట్లాంటి ఖర్చు ఉంటది, అది ఏ పద్దులోనూ రాయరు.

ఇప్పుడు ఈ రెండు జిల్లాల వాడలల్ల ఇందిరమ్మ ఇండ్లకు ముగ్గు పోస్తున్నరు. దరఖాస్తుల కులానికి, రేషన్ కార్డుకు, జాగకు గడులున్నయి. పశువుల కొట్టానికి గడి లేదు. జాగ చాలక కొట్టం పీకి ఆ జాగలనే పునాది తవ్వుతున్నోళ్లను మేము చూసినం. వాళ్ల ఎడ్లు వేపచెట్టుకింద ఉన్నయి, కొట్టం మీది పాత రేకులు నాలుగు గుంజల మీద కట్టి వాటికి నీడ చేసిండ్రు. వానకాలానికి ఇది ఆగుతదా అంటే, ఆగకపోతే కొత్తింట్ల ముందర్ర ఎడ్లకే అని ఇంటామె అన్నది, కొలతలు రాసుకునే సారు వినేటట్టే.